హెస్టర్ సమాధి మీది కూజా

మీరు సమాధుల మీద చెయ్యి వేశారు. తెలియక జరిగిందని మీ ఆఫీసు పిల్ల ఫోన్లో అంది. మొదటిసారి తెలియకపోవచ్చు, ఒప్పుకుంటాను. మేం చెప్పిన తర్వాత? చెప్పిన మర్నాడే మీ మనుషులు మళ్లీ అదే గేటు తోసుకుని వచ్చారు కదా, దాన్నేమంటారు? "పాత సారా బాట" అని పేరు పెట్టి, మనిషికో ప్లాస్టిక్ గ్లాసు చేతిలో పెట్టి, సవానా ఊరంతా నడిపించి, చివర్లో మావాళ్లు పడుకున్న చోటు చూపించి, "ఇదిగో దొంగసారా దాచిన గుంట" అని చెప్పే కంపెనీవాళ్లారా, మీతోనే మాట్లాడుతున్నాను. ఆ నడక నుంచి జ్ఞాపకంగా ఒక సీసా ముక్క సంచిలో వేసుకుని ఇళ్లకు వెళ్లిపోయి, కిటికీలో పెట్టి చుట్టాలకు చూపించుకుంటున్న పెద్దమనుషులారా, మీతో కూడా.

జరిగింది చెబుతాను. వినండి.

మా వీధిలో ఓజెల్లా మంగిన్ అనే పెద్దావిడ ఉంది. ఎనభై దాటి చాలాకాలమైంది. చర్చిలో అందరికీ అమ్మ, వీధిలో అందరికీ అత్త. నాకు అరవై వచ్చినా ఆవిడకు నేనింకా పిల్లనే. ఆవిడ అమ్మమ్మ హెస్టర్ పాత కాలవ గట్టు మీది మా శ్మశానంలో ఉంది. పేరు చెక్కిన చెక్క ఎప్పుడో చెదలు తినేసింది. గుర్తుకు మిగిలింది ఒక పెద్ద శంఖం, ఒక కూజా. నీలం అంచున్న తెల్ల పింగాణీ కూజా, అడుగున బెజ్జం. ఈ ఈస్టరుకు ముందు గడ్డి పీకుదామని మేమిద్దరం వెళితే శంఖం ఉంది, కూజా లేదు.

మా నల్లవాళ్ల పద్ధతి మీకు తెలియదు కాబట్టి ఒక్కసారే చెబుతాను. మనిషి పోతే, ఆ మనిషి చివరగా వాడిన వస్తువు సమాధి మీద పెడతాం. మందు తాగిన సీసా, కళ్లజోడు, దీపం చిమ్నీ, పసిబిడ్డయితే పాలగిన్నె. పెట్టేముందు దాన్ని పగలగొడతాం, లేదా అడుగున బెజ్జం చేస్తాం. గొలుసు తెంపడం అంటాం. తెంపకపోతే పోయిన మనిషి వెనకే ఇంట్లోంచి ఇంకొకరు బయల్దేరతారు. ఆ వస్తువు అక్కడున్నంత కాలం వాళ్లు నిమ్మళంగా పడుకుంటారు. ఎవరైనా ఎత్తుకుపోతే లేచి వెతుక్కుంటారు. వెతకడానికి మొదట ఎక్కడికి వస్తారు? సొంత ఇంటికే.

హెస్టర్ ఇంటివాళ్లలో ఇప్పుడు మిగిలింది ఓజెల్లా అత్త ఒక్కతే.

కూజా పోయిందని తెలిసిన దగ్గర్నుంచి ఆవిడ తన ఇంట్లో పడుకోవడం మానేసింది. చీకటి పడేసరికి దుప్పటి చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చి, ముందుగదిలో కుర్చీలోనే కునికేది. భయమా అత్తా అని అడిగాను. అమ్మమ్మంటే భయమెందుకే, పెంచింది ఆవిడేగా, అంది. దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కుని, "వచ్చి నా కూజా ఏదే అని అడిగితే ఏం చెప్పను? రేపో మాపో నేనే వెళ్లి ఆవిడ పక్కన పడుకోవాలి. వట్టి చేతులతో వెళ్లమంటావా?" అంది.

మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. మావాళ్లు ఏమీ తియ్యరండీ, చూసి వస్తారంతే అన్నారు. మళ్లీ చేశాను. తెలియక జరిగి ఉంటే క్షమించండి అన్నారు. మూడోసారి చేస్తే పాట వేసి వదిలేశారు.

ఇంతలో మా చర్చి పాటల జట్టులో పాడే పిల్ల ఒకతి కబురు తెచ్చింది. అది "ఎండు బావి" అనే బార్లో గిన్నెలు కడుగుతుంది. నీలం అంచు కూజా అక్కడ మేడమీద గదిలో, అలమర మీద చూసిందట. ఆ గదిలోకి దారినపోయేవాళ్లను రానివ్వరట. సారా బాట టికెట్టు కొని, ఊరంతా నడిచి వచ్చినవాళ్లకే ఆఖరి గ్లాసు అక్కడ పోస్తారట. నేను పదిమందిని పోగేసి తలుపు తోసుకుని వెళదామన్నాను. ఓజెల్లా అత్త రెండు టికెట్లు కొనమంది.

శనివారం మధ్యాహ్నం, ఎండ ఇంకా నెత్తి మీదుండగానే బయల్దేరాం. అత్త ఆదివారం టోపీ పెట్టుకుంది, తెల్లది, అంచుకు పూలున్నది. చేతికర్ర పట్టుకుంది. సారా నడకకు ఆ టోపీ ఏమిటంటే, పోయేది అమ్మమ్మ వస్తువు కోసం కదే, తలమీద గుడ్డ లేకుండా పోతామా అంది.

తోటలో బెంచీ దగ్గర గుంపు కట్టారు. ఒహాయో నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాం, పెళ్లికి ముందు సరదా అని పెళ్లికూతుర్ని వెంటేసుకుని వచ్చిన నలుగురు ఆడపిల్లలు, ఇంకా ఇద్దరు ముగ్గురు. ఆడపిల్లల భుజాల మీద అడ్డంగా గులాబీ రంగు పట్టీలు. నడిపించేవాడి పేరు జార్విస్ పింక్నీ. ముప్పై ఏళ్లుంటాయి. పాతకాలపు టోపీ, ప్యాంటుకు భుజాల మీంచి పట్టీలు, నాటకాల వేషం. మా రంగువాడే, మా ఊరివాడే. నాకు అదే ఎక్కువ మండింది. తెల్లవాడైతే తిట్టడం సులువు.

అత్తను చూడగానే వాడు గ్లాసులు పంచడం ఆపి, టికెట్టు మీద పేరు చూసుకుని, సంచిలోంచి మడత స్టూలు తీసి చంకన పెట్టుకున్నాడు. "మిస్ ఓజెల్లా, ఎక్కడ ఆగినా మీరు కూర్చోవాలి. నేను కొంచెం వాగుడుకాయను, నిలబడి వింటే కాళ్లు పీకుతాయి" అన్నాడు. ఆవిడ వాణ్ని కిందనుంచి పైదాకా చూసింది. మీ అమ్మ ఎవరు నాయనా అని అడిగింది. చెప్పాడు. మా వైపు మనిషి కాదు, ఊరికి దక్షిణాన కొత్త కాలనీలో పెరిగాడు.

మొదటి మజిలీ పాత మందుల కొట్టు. ఇప్పుడక్కడ చొక్కాలమ్ముతున్నారు. మా రాష్ట్రంలో మద్య నిషేధం మిగతా దేశానికంటే పన్నెండేళ్లు ముందే వచ్చిందని, రాష్ట్రమంతా ఎండినా సవానా మాత్రం తడి ఆరలేదని జార్విస్ మొదలుపెట్టాడు. దేశమంతా నిషేధం వచ్చాక డాక్టరు చీటీ ఉంటే విస్కీని మందు కింద తాగొచ్చట. "ఆ ఏడాది ఊళ్లో అందరికీ ఒకేసారి దగ్గొచ్చిందండీ" అన్నాడు.

"మా పాస్టరు తాతగారికి ఆ దగ్గు చచ్చేదాకా తగ్గలేదు" అంది ఓజెల్లా అత్త, స్టూలు మీంచి.

గుంపంతా విరగబడి నవ్వింది. జార్విస్ కూడా నవ్వాడు, దొంగ నవ్వు కాదు. నేను నవ్వలేదు.

అక్కణ్నుంచి ఏటి ఒడ్డుకు. ఓడలు బరువు కోసం మోసుకొచ్చి పారేసిన రాళ్లతో పరిచిన దారి అది, గుండ్రాళ్లు. కుర్రకారు పాదాలే మెలికపడతాయి. జార్విస్ ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని అత్తను దించాం. వాడి పట్టు నా పట్టు కంటే మెత్తగా ఉందని ఆవిడే తర్వాత చెప్పింది, నన్ను ఉడికించడానికి. అక్కడ సముద్రం మీంచి వచ్చే రమ్ము కథ. ద్వీపాల మధ్య ఉప్పు కాలవల్లోంచి పడవల్లో తెచ్చి, బుట్టల్లో కింద సీసాలు, పైన ఆల్చిప్పలు పేర్చి బజారుకు మోసేవారట. పోలీసు బుట్ట కదిపితే గలగలమంటుంది కదా. ఏమిటా చప్పుడంటే, చలికి ఆల్చిప్పలకు పళ్లు కొట్టుకుంటున్నాయి దొరా అనేవారట.

ఓజెల్లా అత్తకు ఆ కథ తెలియదు. నిజంగా తెలియదు. చేతికర్ర మీద గడ్డం ఆనించి చిన్నపిల్లలా వింది. మా నాన్న ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులోనే పనిచేశాడు, ఒక్కనాడూ చెప్పలేదు చూశావా దొంగ ముండాకొడుకు అని నా చెవిలో అంది. నేను పళ్లు నూరుకుంటూ నడుస్తున్నాను. ఆవిడ పెళ్లివారి వెంట నడిచినట్టు నడుస్తోంది.

అత్తా, మనం వచ్చింది ఎందుకో గుర్తుందా అన్నాను.

"గుర్తుంది. నవ్వితే మరిచిపోయినట్టా?"

తర్వాత పడమటి వైపు. కార్లు నిలిపే ఖాళీ స్థలం, తారు పోసి గళ్లు గీశారు. ఒకప్పుడక్కడ మా వీధులుండేవి. అప్పటి ఇళ్ల వంటగదుల్లో ఆడవాళ్లు చాటుగా మొక్కజొన్న సారా అమ్మేవారని జార్విస్ చెప్పాడు. రేవులో మూటలు మోసేవాళ్లు సాయంత్రం వెనక తలుపు కొట్టి వచ్చేవారు, వేయించిన చేప ముక్క, ఒక గ్లాసు. ఇంతకంటే తనకు తెలియదన్నాడు. ఆ ఆడవాళ్ల గురించి ఎవరూ రాసి పెట్టలేదన్నాడు, కొంచెం సిగ్గుపడుతూనే.

ఓజెల్లా అత్త స్టూలు మీంచి లేచింది. కర్రతో తారు మీద ఒకచోట కొట్టి చూపించింది. "మా అమ్మమ్మ వంటిల్లు ఇక్కడ. ఆవిడా అమ్మింది. కూజాలో పోసి పెట్టుకునేది. పోలీసు వాకిట్లోకి వస్తున్నాడని తెలిస్తే కూజా పట్టుకుని పెరట్లోకి వెళ్లి బెండమొక్కలకు నీళ్లు పోసేది. వాడొచ్చి ఏం చేస్తున్నావే అంటే, మొక్కలకు దాహం దొరా అనేది. ఆ ఏడు బెండకాయలు తింటే నిద్ర బాగా పట్టేదని మా అమ్మ చెప్పేది."

పెళ్లికూతురు జట్టు చప్పట్లు కొట్టింది. ఒహాయో ఆయన ఇంకోసారి చెప్పమని ఫోన్ తీశాడు. జార్విస్ మొహం వెలిగిపోయింది. ఇది నా కథల్లో కలుపుకోవచ్చా మిస్ ఓజెల్లా, మీ అమ్మమ్మ పేరుతోనే చెబుతాను అన్నాడు. చెప్పుకో నాయనా, పేరు హెస్టర్ అంది. తర్వాత ఒకటి అడిగింది, ఆ కూజా ఎలా ఉంటుందో చెప్పనా అని. వాడు ఊఁ అన్నాడు. నీలం అంచు, తెల్ల పింగాణీ అంది.

వాడి మొహంలో వెలుగు కొంచెం తగ్గింది. టోపీ సర్దుకుని, వచ్చే మజిలీ కాలవ గట్టు అన్నాడు.

మా శ్మశానం చూసినవాళ్లకు శ్మశానంలా కనిపించదు. రాళ్లు తక్కువ. చెట్ల మీంచి బూడిదరంగు నాచు వేలాడుతుంది, కింద గడ్డిలో సీసాలు, గిన్నెలు, ఒక గోడగడియారం, ఒక కుట్టుమిషను చక్రం. బయటివాడికి చెత్తకుప్ప. ఆరోజు జార్విస్ గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపలికి రమ్మనలేదు. కానీ ఒహాయో ఆవిడ మీ కాగితంలో సారా గుంట అని వేశారు కదా, చూపించరా అంది. డబ్బిచ్చి వచ్చినవాళ్లు. వాడు లోపలికి వచ్చి, కంపెనీ నేర్పిన మాట చెప్పాడు. సీసాల అడుగు చూడండి, అన్నిటికీ బెజ్జాలు. సర్కారువారి నిషేధం ఏజెంట్లు వచ్చి, ఇక్కడ దాచిన సరుకు పట్టుకుని ఇనుప చువ్వతో పొడిచి పారేశారు అన్నాడు. ఓజెల్లా అత్త మొహం చూడలేదు.

పెళ్లికూతురు పక్కనున్న పిల్ల వంగి ఒక చిన్న గిన్నె తీసింది. పాలగిన్నె. ఎంత ముద్దుగా ఉందో అంది.

"అక్కడే పెట్టెయ్ తల్లీ" అంది ఓజెల్లా అత్త. గొంతు పెంచలేదు. "అది ఒక పసిదానిది."

ఆ పిల్ల చెయ్యి కాలినట్టు గిన్నె కింద పెట్టేసింది. మంచి పిల్ల, ఏడుపు మొహం పెట్టింది. అంటే ఇది, అని ఒహాయో ఆయన మొదలుపెట్టి ఆపేశాడు. చేతిలో ప్లాస్టిక్ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక వీపు వెనక్కి పెట్టుకున్నాడు. జార్విస్ నేల చూస్తున్నాడు. నేను నోరు తెరిచాను. అత్త కర్రతో నా పాదం మీద నొక్కింది, ఇక్కడ కాదు అని.

ఎండు బావికి వెళ్లేదాకా ఎవరూ జోకులు వెయ్యలేదు.

మేడమీద గది చల్లగా ఉంది. తోలు కుర్చీలు, పచ్చ దీపాలు. అలమర మీద, దీపం కింద, కూజా. పక్కనే చిన్న అట్టముక్క, "ఏజెంట్ల ఇనుప చువ్వకు బలైన సారా కూజా" అని. ఓజెల్లా అత్త చూసి నిలబడిపోయింది. పెదాలు మాత్రం కదిలాయి. నేను అడ్డమున్న కుర్చీ పక్కకు జరిపి అలమర దగ్గరకు వెళ్లాను. చెయ్యి ఎత్తానో లేదో, చేతికర్ర నా మణికట్టుకు అడ్డంగా వచ్చింది.

"నువ్వు తీశావా?"

కాదు అన్నాను.

"మరి నీ చెయ్యెందుకు? తీసిన చెయ్యే పెట్టాలి. వేరే చెయ్యి ముట్టుకుంటే అమ్మమ్మ నీ వెంట పడుతుంది, నా గొడవ తీరదు."

మావాళ్ల హక్కుల కోసం నేను తలుపులు బద్దలుకొట్టాను, ఆఫీసుల ముందు పడుకున్నాను, జైలుకూడు తిన్నాను. వస్తువు కళ్లముందుంది, చెయ్యి చాపితే అందుతుంది, తియ్యడానికి లేదు. ఇలాంటి పోరాటం నాకెవరూ నేర్పలేదు.

బారు యజమాని కాల్డర్ వచ్చాడు. మర్యాదస్తుడే. విషయం విని, చాలా కదిలిపోయానమ్మా అన్నాడు. మీ అమ్మమ్మగారి పేరు అట్టముక్క మీద వేయిస్తాను, మీకు ఎప్పుడు వచ్చినా భోజనం ఉచితం, కూజా పక్కన ఒక ఫోటో తీసుకుందామా అన్నాడు. వస్తువు మాత్రం ఇక్కడే భద్రంగా ఉంటుంది, అక్కడ వానకు పాడైపోతుంది, రోజూ ఎంతమంది చూసి గౌరవిస్తున్నారో చూడండి అన్నాడు. అయినా ఇది సారా కూజానే కదా, మీరే చెప్పారట కదా అని కూడా అన్నాడు.

"సారా పోసింది, నిజమే" అంది ఓజెల్లా అత్త. "చివరిసారి అందులో ఉన్నది మంచినీళ్లు. నేనే పట్టాను. తాగలేకపోయింది, పెదాలు తడుపుకుంది అంతే."

కాల్డర్‌కు అర్థం కాలేదు. ఎవరు ఇచ్చారో కనుక్కుంటానని అంటూనే జార్విస్ వైపు చూశాడు. చూడనవసరం లేదు. వాడు అప్పటికే టోపీ తీసేశాడు.

నేనే తీశాను మిస్ ఓజెల్లా, అన్నాడు. కొత్తగా చేరిన రోజులవి. మిగతా నడిపించేవాళ్లంతా దెయ్యాల కథలు చెప్పి జనాన్ని పట్టేస్తున్నారు, వీడి వెంట ఎవరూ రావడం లేదు. ఏదైనా చూపించడానికి దొరికితే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. అలా తిరుగుతూ ఆ గేటు చూశాడు. వాళ్ల నాయనమ్మను పూడ్చింది ఊరవతల కొత్త శ్మశానంలో. అక్కడ గడ్డి కోసే యంత్రానికి అడ్డమని ప్లాస్టిక్ పువ్వు కూడా పెట్టనివ్వరు, నేలకు సమంగా ఇత్తడి పలక ఒకటి ఉంటుంది అంతే. "సమాధి మీద గిన్నెలు పెడతారని నాకెవరూ చెప్పలేదు. అది చెత్త అనుకోలేదు మిస్ ఓజెల్లా. నిధి అనుకున్నాను. అందుకే తీశాను."

అది విన్నాక వాడి మీద నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాడి దగ్గర్నుంచి వాడి పద్ధతి ఎవరో ముందే ఎత్తుకుపోయారు. వాడు తన నాయనమ్మ సమాధిని చూసినా గుర్తుపట్టలేడు, అలా తయారుచేశారు. అలాంటివాడికి టోపీ పెట్టి, మా సమాధుల మీదికి తోలారు.

ఆ బెజ్జం ఎలా పడింది అని వాడు అడిగాడు. ఏజెంట్లు కాదు కదా అన్నాడు.

"నేనే చేశాను. మేకు పెట్టి ఇటుకరాయితో కొట్టాను. చిన్నపిల్లని, మొదటి దెబ్బకు చెయ్యి జారింది. చూడు, అంచు దగ్గర గీత ఉంటుంది." కర్ర ఎత్తి ఆ గీత చూపించింది. "గట్టిగా కొట్టు, లేకపోతే రేపు మీ అమ్మ పోతుంది అంది మా పెద్దమ్మ. గట్టిగా కొట్టాను."

ఒహాయో ఆయన లేచి, ఎంతయినా సరే కొని మీకే ఇచ్చేస్తానమ్మా అన్నాడు కాల్డర్ వైపు చూస్తూ. మంచి మనసే. అత్త తల అడ్డంగా ఊపింది. కొంటే మూడో చెయ్యి పడుతుంది అంది.

కాల్డర్ జార్విస్‌ను పక్కకు పిలిచాడు. పిలిచాడు కానీ గది చిన్నది, అందరికీ వినిపించింది. ఇది గదిలోంచి బయటికి వెళితే మీ కంపెనీతో నా ఒప్పందం ఉండదు, ఒప్పందం లేకపోతే నీ పని ఏమవుతుందో నీకు తెలుసు అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు.

ఓజెల్లా అత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాయనా, నాకోసం నీ కూడు పోగొట్టుకోమని నేను చెప్పను. నీకు ఇంట్లో ఎవరున్నారో నాకు తెలియదు. నేనిక్కడ కూర్చుంటాను. ఆలోచించుకో."

వాడు ఆలోచించాడు. అబద్ధం చెప్పను, చాలాసేపే ఆలోచించాడు. కిటికీలోంచి వీధి చూశాడు, టోపీ చేతిలో తిప్పాడు. ఇంట్లో వాడికి భార్య ఉంది, నెలలు నిండుతున్నాయి, అది మాకు తర్వాత తెలిసింది. అప్పుడు టోపీ బల్ల మీద పెట్టి, అలమర దగ్గరకు వెళ్లి, రెండు చేతులతో కూజా ఎత్తాడు. కాల్డర్ అడ్డం రాబోయి ఆగాడు. ఆపింది దయ కాదు. పెళ్లికూతురు జట్టంతా ఫోన్లు పైకెత్తి పట్టుకుంది.

నడిచి వచ్చిన దారినే వెనక్కి నడిచాం. ఈసారి ముందు జార్విస్, వాడి వెనక అత్త, నేను. పాలగిన్నె ఎత్తిన పిల్ల, ఒహాయో మొగుడూ పెళ్లాం మా వెనకే వచ్చారు. గ్లాసులు ఎవరి చేతుల్లోనూ లేవు. పొద్దు ఇంకా వాలలేదు. దారిలో ఇసుకదోమలు కుడుతున్నా వాడు కూజా మీంచి చెయ్యి తియ్యలేదు, మెడ వంచి భుజానికి రుద్దుకుంటూ నడిచాడు. మడత స్టూలు నేను మోశాను.

శంఖం పక్కన గుంట ఇంకా అలాగే ఉంది, కూజా అడుగు అంత. బెజ్జం కిందికి పెట్టమంది అత్త, వాన పడితే నీళ్లు ఆవిడకు చేరాలి అంది. వాడు మోకాళ్ల మీద కూర్చుని పెట్టాడు. చాలదు, ఏం చేశావో చెప్పు అంది. రోజంతా వాగినవాడు, అక్కడ నాలుగు ముక్కలే చెప్పాడు.

"మిస్ హెస్టర్, నేను జార్విస్ పింక్నీని. మీ కూజా తీసింది నేనే. మీ మనవరాలు తియ్యలేదు. మళ్లీ పెట్టాను."

అంతే. ఓజెల్లా అత్త వాడి తల మీద చెయ్యి వేసి, ఆ చెయ్యినే ఊతగా చేసుకుని స్టూలు మీంచి లేచింది. ఆ రాత్రి దుప్పటి చంకన పెట్టుకుని మా ఇంటికి రాలేదు. తెల్లారి వెళ్లి చూస్తే తన మంచం మీద, తన గదిలో, కిటికీ తెరిచి పెట్టుకుని గుర్రుపెట్టి నిద్రపోతోంది.

జార్విస్‌ను సోమవారం మానిపించేశారు. మంగళవారం ఇంకొకడు అదే రకం టోపీ పెట్టుకుని అదే గేటు దగ్గర నిలబడ్డాడు. వాడూ కుర్రాడే, వాడికీ ఎవరూ చెప్పలేదు. వాడు చెప్పే ఏజెంట్ల కథ విని, ఆ గుంపులో ఒకాయన మా చర్చి పెద్ద డీకన్ గారి సమాధి మీది మందుసీసా సంచిలో వేసుకున్నాడు. నేను ఆపితే, చెత్తే కదండీ అన్నాడు. సీసా నేల మీద పెట్టించాను. అదొక్కటే ఆపగలిగాను. అంతకుముందు పోయినవి ఎన్నో నాకు తెలియదు, మా సమాధుల మీద గుంటలు మాత్రం కనిపిస్తున్నాయి. వాటి మనుషులు ఏ ఇంటి తలుపు కొడుతున్నారో, ఏ ముసలావిడ ఎవరి ముందుగదిలో కూర్చుని తెల్లవారేదాకా కునుకుతోందో.

కంపెనీవాళ్లారా, ఆ మజిలీ ఈ వారమే ఎత్తేయండి. మందుల కొట్టు చూపించుకోండి, ఏరు చూపించుకోండి, హెస్టర్ బెండమొక్కల కథ చెప్పుకోండి, మాకేం అడ్డం లేదు. గేటు లోపలికి రావద్దు. జార్విస్ పింక్నీని వెనక్కి తీసుకోండి. మీ నడిపించేవాళ్లలో ఆ గేటు లోపల ఏముందో తెలిసినవాడు వాడొక్కడే.

సీసాలు తీసుకెళ్లినవాళ్లారా, పోస్టులో పంపకండి. పార్సిలు మేం విప్పం. మీరే రండి. ఒహాయో నుంచైనా, ఇంకెక్కడ నుంచైనా సరే, బస్సెక్కి రండి. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక మేం గేటు దగ్గర ఉంటాం, ఓజెల్లా అత్త స్టూలు వేసుకుని కూర్చుంటుంది. మీ చేతిలోది ఏ సమాధిదో మీకు తెలియకపోతే మేం చూపిస్తాం. మోకాళ్ల మీద కూర్చోండి, మీ పేరు చెప్పండి, తీసిన చేత్తో అక్కడ పెట్టండి.